వయసు మీదపడ్డాక పాట రాయాలన్న, పాడాలన్న ఆసక్తి ఎందుకు మారుతుంది? ఏం చేస్తే నిలుస్తుంది?

పల్లవి_వెతుకులాట:

అందరికీ నమస్కారం. సొంతంగా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, వేదిక మీద పాడేవాళ్ల గురించి ఈ ప్రశ్న. ఇరవైల్లో ఈ మూడూ ఒకే ఊపులో నడుస్తాయి. నలభై ఐదో యాభయ్యో దాటేసరికి దారులు వేరవుతాయి. కొందరికి బాణీలు వస్తూనే ఉంటాయి, మాట మాత్రం పడదు. కొందరు ఒక్క చరణం మీద నెలలు కూర్చుంటారు గానీ వేదిక అనగానే వెనకాడతారు. ఇంకొందరు కొత్త పాట ఊసే ఎత్తరు, పాతవి పాడమంటే మాత్రం తెల్లవార్లూ పాడతారు.

ఇది నిజంగా ఆసక్తి తగ్గడమేనా? లేక గొంతు, చెవి, చేతులు, జ్ఞాపకం సహకరించక మనసు వెనక్కి తగ్గడమా? తేడా ఎలా తెలుసుకోవాలి? శ్రుతి, పాటల వరస, రాసే పద్ధతి... వీటిలో ఏది ఎంత మార్చాలి? ధైర్యం చెప్పే మాటలు కాకుండా, చేసి చూడగలిగేవి చెప్పండి.

మంద్రం:

ముందు రాయడం, మాట, వేదిక ఈ మూడింటినీ విడదీసి చూడండి. మూడూ ఒకేసారి ముసలివి కావు. ఇటలీ స్వరకర్త రొస్సీనీ 1829లో, 37 ఏళ్లకి, ఆఖరి ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ఇచ్చి మళ్లీ ఆ జోలికి పోలేదు. 1868 దాకా బతికాడు. అయితే ఆయన మానేసింది ఒపేరానే, సంగీతాన్ని కాదు. 1857 నుంచి ఇంట్లో కూర్చున్న నలుగురికీ సరిపోయే చిన్న పియానో, గాత్ర రచనలు 150 దాకా రాశాడు. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో, 31 ఏళ్లకే, కచేరీలు మానేసి 1982లో చనిపోయేదాకా స్టూడియోలో వాయిస్తూనే ఉన్నాడు. మరో ఇటలీ స్వరకర్త వెర్డీది పూర్తిగా వేరే దారి: ఆఖరి ఒపేరా 1893లో, 79 ఏళ్ల వయసులో. వీళ్లలో ఎవరికీ ఆసక్తి పోయిందనలేం. అది ఎటు తిరిగిందన్నదే చూడాలి.

తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష. బాగా ఇష్టమైన పాత పాటని మైకు లేకుండా, ఎవరూ లేనప్పుడు, మామూలు శ్రుతిలో ఒకసారి, మూడు సెమిటోన్లు దించి ఒకసారి పాడండి. సెమిటోన్ అంటే కీబోర్డు మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే పక్క మెట్టు. దించి పాడినప్పుడు హాయిగా ఉండి ఇంకోటి పాడబుద్ధేస్తే, తగ్గింది ఆసక్తి కాదు, గొంతుకీ శ్రుతికీ పొత్తు కుదరడం లేదంతే. దించినా విసుగే ఉంటే పాటలు మార్చాలి. పాటే కాదు, తిండి, నిద్ర, మనుషులు ఏవీ రుచించకపోతే మాత్రం అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. దాన్ని సంగీతం ఖాతాలో వేయకండి.

గొంతులో జరిగేది ఇది: స్వరతంత్రుల్లో కండ పలచబడుతుంది. అవి పూర్తిగా కలుసుకోక మధ్యలో సన్నటి సందు మిగులుతుంది, ఆ సందులోంచి గాలి వృథాగా పోతుంది. ఊపిరితిత్తుల సాగే గుణం కూడా తగ్గుతుంది. అందుకే గొంతులో గాలి ఎక్కువ వినిపిస్తుంది, దీర్ఘాలు చివరిదాకా నిలవవు. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. మగవాళ్ల మాట స్వరం బాగా పెద్దవయసులో కొంచెం పైకి జరుగుతుంది. గాలి చాలక, దాన్ని బలంతో పూడ్చబోయి మెడ బిగిస్తాం. అరగంటకే అలుపొస్తుంది, ఆ అలుపునే అయిష్టం అనుకుంటాం.

శ్రుతి ఎంచుకునే పద్ధతి: మెల్లగా, గట్టిగా నెట్టకుండా, వరసగా ఐదుసార్లు పాడగలిగిన పై స్వరం ఏదో కీబోర్డు మీద పట్టుకోండి. దానికి రెండు సెమిటోన్లు కింద పాట పైకప్పు, అంటే పాటలో అన్నిటికన్నా పై స్వరం, ఉండాలి. కచేరీ రోజు గొంతు ఎలా ఉంటుందో తెలియదు, ఆ రెండు మెట్లూ అందుకోసం. ఒక్కసారి తాకి దిగివచ్చే పై స్వరం కన్నా, పాట ఎక్కువసేపు ఎక్కడ తిరుగుతుందో అది ముఖ్యం. పల్లవి అంతా పైకప్పు దగ్గరే తిరిగితే ఇంకో సెమిటోన్ దించండి.

దించడంలో జరిగే పొరపాటు, ఒకేసారి నాలుగైదు మెట్లు దించేయడం. పల్లవి హాయిగా ఉంటుంది గానీ చరణం మొదట్లో కింది స్వరాలు మాట్లాడినట్టు అయిపోయి, వాయిద్యాల కింద మునిగిపోతాయి. అలాంటి పాటకి రెండు మెట్లు దించి, పల్లవిలో పైకెక్కే ఒక్క పదానికి బాణీ మార్చండి. ఆ పై స్వరం బదులు దాని కింద మూడో స్వరంలో పాడి, పైది తోడు గొంతుకి ఇవ్వండి. చాలామంది శ్రోతలు తేడా కూడా పట్టరు.

రోజూ చేయాల్సింది స్ట్రా సాధన. గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, దాంట్లోకి "ఊ" అని కింది నుంచి పైకీ, పైనుంచి కిందికీ జారుతూ పాడాలి. ఒక్కో విడత రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు విడతలు. బుడగలు ఆగకుండా ఒకే తీరున రావాలి. తెగిపోతున్నాయంటే గాలి తెగుతోందన్నమాట. బుగ్గలు గట్టిగా ఉబ్బి మెడ బిగుస్తుంటే స్ట్రాని కాస్త పైకి లాగండి. బొంగురు మూడు వారాలు దాటినా పోకపోతే సాధన ఆపి చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించాలి.

చరణం_రెండు:

మంద్రం గారు గొంతు సంగతి చెప్పారు, నేను మాట సంగతి చెబుతాను.

వయసొచ్చాక మాట పడకపోవడానికి చాలామంది చెప్పే కారణం, చెప్పడానికి ఏమీ మిగల్లేదని. నాకది సరికాదనిపిస్తుంది. చెప్పడానికి ఎక్కువే ఉంటుంది. కానీ చదివిందీ విన్నదీ పెరిగి, రాసిన ప్రతి లైనూ ఎక్కడో విన్నట్టే తోస్తుంది. రాసే చెయ్యీ కొట్టేసే చెయ్యీ ఒకేసారి కాగితం మీదకొస్తాయి. ఇరవైల్లో కొట్టేసే చెయ్యి ఇంకా పుట్టి ఉండదు, అందుకే నలభై పాటలు రాసి నాలుగు మిగుల్చుకునేవాళ్లం. ఇప్పుడు నాలుగే రాసి నాలుగూ గొప్పగా ఉండాలంటే కుదరదు.

కాబట్టి రెండు పనుల్నీ వేర్వేరు రోజుల్లో పెట్టండి. రాసే రోజు ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుని, కొట్టివేత లేకుండా రాయాలి. బాణీ ముందుంటే తనన తానన అనో, అర్థం లేని డమ్మీ మాటలతోనో నింపేయండి. డమ్మీలో కూడా లఘువు ఉన్నచోట లఘువు, గురువు ఉన్నచోట గురువు పడేలా చూసుకుంటే తర్వాత పని సగం తగ్గుతుంది. దాన్ని మూడు రోజులు ముట్టుకోకండి. దిద్దే రోజు కొత్త లైను రాయకూడదు, ఉన్నవాటిలోంచే ఏరుకోవాలి. ఈ నియమం తప్పితే మళ్లీ రెండు చేతులూ కొట్టుకుంటాయి.

ఇంకోటి, వయసుకి తగ్గట్టు మాటని గొంతుకి అమర్చడం. పాటలు రాసేవాళ్లలో దీని మీద శ్రద్ధ పెట్టేవాళ్లు తక్కువ. ఒక ఊపిరికి పన్నెండు సెకన్లు పాడగలిగిన గొంతు ఇప్పుడు ఎనిమిదికే ఆగుతుందనుకోండి. పాత కొలతలో రాసిన లైను మధ్యలో తెగుతుంది, అదీ మాట మధ్యలో. మీ ఊపిరి ఎంతో గడియారంతో కొలుచుకుని, ప్రతి లైనులో అర్థం ఆగే చోటూ ఊపిరి ఆగే చోటూ ఒకటయ్యేలా రాయండి.

పై స్వరం మీద ఏ అచ్చు పడుతోందో కూడా చూడండి. ఎక్కువ గొంతులకి పైన ఇ, ఈ, ఉ బిగుసుకుంటాయి. నోరు తెరుచుకునే అ, ఆ, ఓ తేలిగ్గా పలుకుతాయి. ఉదాహరణకి,

"నీ నీలి కనుల నీడలో నిలిచి"

అనే లైను పై స్థాయిలో ఉందనుకుందాం. నకారాలు చక్కగా పేర్చినట్టున్నాయి, కాగితం మీద ముద్దుగానే ఉంది. కానీ "నీ", "నీ", మళ్లీ "నీ". ప్రతి ఊనికా ఈకారం మీదే పడి గొంతు పిండేస్తుంది. అదే భావాన్ని

"ఆ కళ్ళ చాటున ఆగిపోయి"

అంటే ఊనిక "ఆ", "చా", "ఆ", "పో" మీద పడుతుంది. ఒక సెమిటోన్ దించినంత సుఖం. మన భాషలో మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి లైను చివర దీర్ఘం పెట్టుకునే వీలు ఎలాగూ ఉంది. దాన్ని "ఈ" మీద కాకుండా "ఆ" మీదో "ఓ" మీదో పెట్టుకుంటే చాలు.

వేదిక మీద సాహిత్యం మర్చిపోవడం గురించి కూడా. పాతికేళ్లకి ముందు నేర్చినవి చెక్కుచెదరవు, కొత్తవి జారిపోతాయి. ముఖ్యంగా రెండో చరణం, మూడో చరణం ఒకే రకం వాక్యంతో మొదలైతే ఒకదాని చోట ఒకటి వచ్చేస్తుంది. ఇది రాసేటప్పుడే సరిచేయొచ్చు: ప్రతి చరణం మొదటి మాట వేరే అక్షరంతో, వేరే దృశ్యంతో మొదలవ్వాలి. కంఠతా పట్టేటప్పుడు ఎప్పుడూ మొదటినుంచే కాకుండా రెండో చరణం నుంచి మొదలుపెట్టి పాడండి. చూడకుండా చేత్తో రాయండి. మర్నాడు, మూడో రోజు, వారానికి ఒకసారి తిరగేయండి. చూసి పాడితే తప్పేమీ లేదు. కాకపోతే తెర మీద సాహిత్యం అంతా పెట్టకండి, కళ్లు అక్కడే అతుక్కుపోతాయి. ప్రతి లైను మొదటి రెండు మాటలు పెద్ద అక్షరాల్లో చాలు.

తీగలు:

పై ఇద్దరి మాటలూ బాగున్నాయి. అయితే మూడింటినీ విడదీయమన్నదాంతో నాకు పూర్తిగా పొసగదు. కారణం తెలుసుకోవడానికి విడదీయండి, అలాగే వదిలేయకండి. పాడే చోటు లేకపోతే రాయడం కూడా ఎండిపోతుంది, ఎందుకంటే పాటకి గడువు ఉండదు. పెద్ద వేదిక భారమైతే మానేయడం కన్నా చిన్నది చేయండి: ముప్పై నలభై మంది, నలభై నిమిషాలు, ఏడెనిమిది పాటలు, అందులో ఒకటి కచ్చితంగా కొత్తది.

వరస కూడా ముఖ్యం. కష్టమైన పాట మొదట్లో వద్దు, ఆఖర్న అసలే వద్దు. మూడోదో నాలుగోదో కావాలి, గొంతు అప్పటికి కాగి ఉంటుంది, ఇంకా అలసి ఉండదు. రెండు బరువు పాటల తర్వాత ఒక వాయిద్యం ముక్క. పాటల కన్నా గొంతుని ఎక్కువ తినేది, కచేరీకి ముందూ తర్వాతా గోలలో నిలబడి గట్టిగా మాట్లాడడం.

గిటారు వాయించేవాళ్లకి వేళ్ల నొప్పులు. అకూస్టిక్ గిటారు మీద 12-53 తీగల సెట్టు (సన్న తీగ, లావు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంటే 11-52కో 10-47కో మారండి. ధ్వని నిండుదనం కొంచెం తగ్గుతుంది. అది వద్దనుకుంటే పాత తీగలే ఉంచి మొత్తం ఒక సెమిటోన్ దించి, మొదటి ఫ్రెట్టు (గిటారు మెడ మీది అడ్డ కమ్మీ) మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టండి. శ్రుతి మారదు, తీగ బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది. ఒక్కటి చూసుకోవాలి: బిగువు తగ్గితే గిటారు మెడ కొద్దిగా వెనక్కి వాలి తీగలు ఫ్రెట్లకి తగిలి గరగరమంటాయి. అప్పుడు మెడ లోపల వంపుని సరిచేసే కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు కన్నా తక్కువే వదులు చేసి, ఒకరోజు ఆగి చూడాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకండి.

చెవి గురించి ఎవరూ ఎత్తలేదు. పాట మీద విరక్తి అనుకునేది చాలాసార్లు చెవి సమస్యే. వయసుతో ముందు పోయేది పై పౌనఃపున్యాలు. ఏళ్ల తరబడి పెద్ద శబ్దంలో ఉన్నవాళ్లకి 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడుతుంది. హల్లులు మసకగా, తాళాలు మొద్దుగా వినిపిస్తాయి, సంగీతం రుచి తగ్గినట్టుంటుంది. లెక్క ఇది: 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. మామూలు ఫోమ్ బిరడాలు పై స్వరాలని ఎక్కువ మింగేస్తాయి. అందుకే అన్ని స్వరాలనీ సమానంగా ఓ 15 డెసిబెల్స్ తగ్గించే, సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ వాడండి.

వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లు తప్పక చేయాల్సింది: దాంట్లో సంగీతం కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టమని ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణుణ్ని) అడగాలి. మాటల కోసం చేసిన సెట్టింగులో కూత (యంత్రం తనంతట చేసే కీచుమోత) ఆపే ఏర్పాటు, సాగదీసిన స్వరాన్ని కూడా కూతే అనుకుని వణికిస్తుంది. వేణువు, ఆలాపన పాడైపోయినట్టు వినిపిస్తాయి. ఆ ఏర్పాటునీ, గోల తగ్గించేదాన్నీ ఆపించాలి.

పల్లవి_వెతుకులాట:

ముగ్గురికీ ధన్యవాదాలు. "ఈ"కారం సంగతి చూస్తే పాత పాటలు సగం తిరగరాయాల్సొచ్చేలా ఉంది. ఒక సందేహం. శ్రుతి దించితే గిటారు మీద ఓపెన్ తీగల (వేలు నొక్కకుండా మోగే తీగల) మోత పోతుంది, అదే ఆ పాట అందం. జీ మేజర్ పాటని ఎఫ్‌కో ఈకో దించాల్సొస్తే ఎలా? దించిన పాట నీరసంగా వినిపించకుండా ఏం చేయాలి?

మంద్రం:

జీ నుంచి ఈకి అయితే, సీ ఆకారాలు (సీ మేజర్ పాటకి వేళ్లు పట్టే తీరు) పట్టి నాలుగో ఫ్రెట్టు మీద క్యాపో, లేదా డీ ఆకారాలతో రెండో ఫ్రెట్టు మీద. ఎఫ్ కావాలంటే డీ ఆకారాలు, క్యాపో మూడో ఫ్రెట్టు. ఓపెన్ తీగల మోత ఉంటుంది. గొంతు కిందికి దిగినప్పుడు గిటారు పైన మోగితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు, అది అదనపు లాభం. తంబూరా ఉంటే రెండు మూడు మెట్లు దించగానే తీగ వదులై జీవా, అంటే దాని ఝుంకారం, పోతుంది, కొంచెం లావు తీగలు వేయించాలి.

నీరసం సంగతి: శ్రుతి దించి లయని పాతదే ఉంచితే మాటలు తడబడతాయి, లయ బాగా తగ్గిస్తే పాట కూర్చుండిపోతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) మీద నాలుగైదు బీట్లు మాత్రమే తగ్గించి చూడండి, అంటే 96 ఉంటే 92. బేస్ వాయిద్యం కూడా కిందికి దిగి గొంతు చోటులోకి వస్తుంది కాబట్టి చరణాల్లో దాన్ని పలచన చేయమనండి. కెనడా గాయని జోనీ మిచెల్ 1969లో రికార్డు చేసిన తన "బోత్ సైడ్స్ నౌ" పాటనే 2000లో ఆర్కెస్ట్రాతో, బాగా కిందికి దిగిన గొంతుతో, చాలా నెమ్మదిగా మళ్లీ పాడారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఊపిరి తీసుకున్న చోట్లు కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ వినండి. అవే మాటలు ఎక్కడెక్కడ ఆగి పలికారో చూశాక మీ పాటలో ఏ లైను విరవాలో మీకే తెలుస్తుంది. పాత పాటలన్నీ తిరగరాయకండి, పై స్వరం మీద పడ్డ ఆ ఒకటి రెండు మాటలు మారిస్తే చాలు.