అనాస: ముక్కు లేనిది కాదు, టూపీల మాట

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

"అనాస" సంస్కృత పదమేనని, నాస అంటే ముక్కు కనుక అ-నాస అంటే ముక్కు లేనిదని, పండు తలమీద మొనకు బదులు ఆకుల పిలక ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని నిన్న ఒక మిత్రులు రాశారు. విడదీసి చూస్తే అందంగానే ఉంది గాని, ఆ మొక్క పదహారో శతాబ్దానికి ముందు మన గడ్డ మీద లేదు. లేని పండుకు సంస్కృతంలో పేరు ఉండే అవకాశం లేదు. ఇంకొక మిత్రులు ఇది పోర్చుగీసు మాట అన్నారు. అది నిజానికి చాలా దగ్గరగా వచ్చింది, కానీ సగం దారిలో ఆగిపోయింది. అలమారు, మేస్త్రి, బొత్తాము, పాదిరి వంటివి పోర్చుగీసు వారు తమ ఇంటినుంచి తెచ్చిన మాటలు. అనాస వారి ఇంటిది కాదు. బ్రెజిల్ తీరపు అడవుల్లో నివసించిన టూపీ జనుల నోటినుంచి వారు అరువు తెచ్చుకున్నది. మనం కృతజ్ఞత చెప్పవలసిన వారు ఆ టూపీలు.

1500 ఏప్రిల్ 22న కబ్రాల్ అనే పోర్చుగీసు నౌకాదళపతి ఇప్పటి బయీయా రాష్ట్రపు తీరాన్ని చేరాడు. కొద్ది రోజులు అక్కడ ఆగి, ఆఫ్రికాను చుట్టి అదే ఏడాది సెప్టెంబరులో కోళికోడ్‌కు వచ్చాడు. ఆ ప్రయాణంలోనే పండు కూడా వచ్చిందని నేను అనడం లేదు. బ్రెజిల్‌కూ మన పడమటి తీరానికీ మధ్య సముద్రపు దారి ఆ ఏడే పడిందని మాత్రమే చెబుతున్నాను. టూపీలు ఆ పండును "నానా" అనేవారు. ఫ్రెంచి యాత్రికుడు ఆంద్రే తెవే 1557లో అచ్చయిన తన గ్రంథంలో దాదాపు అదే రూపాన్ని నమోదు చేశాడు. పోర్చుగీసులో అది "అననాస్" అయింది. హిందీ రెండు నకారాలనూ నిలుపుకుంది. తెలుగులో మాత్రం పక్కపక్కన వచ్చిన రెండు నకారాల్లో ఒకటి జారిపోయి "అనాస" మిగిలింది. తమిళం "అన్నాసి" అంటుంది. మలయాళం అరువు మాట జోలికే పోకుండా, మొగలి ఆకు, పనసకాయ పోలికలు కలిపి "కైతచక్క" అని సొంత పేరు పెట్టుకుంది. బ్రెజిల్‌నుంచే వచ్చిన ఇంకొక మొక్కకు మనమూ అలాగే చేశాం. దాని దుంప పిండికి టూపీలు పెట్టిన పేరే లోకమంతటా "టాపియోకా"గా తిరుగుతుండగా, మనం దుంపను కర్రపెండలమన్నాం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం మరొకటి. నేడు బ్రెజిల్‌లో అంగడికి వెళ్లి పండు అడిగేవారు సాధారణంగా "అననాస్" అనరు, "అబకషీ" అంటారు. అదీ టూపీ మాటే. "ఇబా" అంటే పండు, "కాతీ" అంటే ఘాటుగా వాసన వేసేది. కోయకముందే గది నిండా పరిమళించే పండుకు ఇంతకంటె సరైన పేరు దొరకదు. పోర్చుగల్‌లో "అననాస్" నిలిచింది, మన దగ్గర "అనాస" నిలిచింది, పుట్టినచోట దాని తోబుట్టువు గద్దెనెక్కింది. అక్కడ చిక్కు పనిని "అబకషీ" అంటారు. ఎవరూ ముట్టని ఆ చిక్కును ఒకరు మీద వేసుకుని తీర్చడాన్ని "అబకషీ తొక్క తీయడం" అంటారు. ముళ్ల ఆకులను పట్టుకుని, తొక్క దించి, లోపల మిగిలిన నల్లటి కళ్లను వాలుగా గాడి కోస్తూ ఒక్కొక్క వరుసే తీసిన వారికి ఈ నుడికారాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మన మన్యంలోని సీతంపేట దారిలో కుప్ప పోసిన పండ్ల వెనక కూర్చుని, చిన్న కత్తితో ఆ పని చేసి ఉప్పూకారం అద్ది ఇచ్చే తల్లులకు అది మరీ బాగా తెలుసు.

టూపీ మాటలు ఒక్క పండ్లతో ఆగలేదు, బ్రెజిల్‌లోని ఊళ్ల, నదుల పేర్లలోనూ ఉన్నాయి. ఇగువాసు అంటే పెద్ద నీరు. ఇపనేమా అంటే చెడ్డ నీరు. పరాయీబా అంటే పనికిరాని నది. కురితీబా అంటే పైన్ చెట్లు విరివిగా ఉన్న చోటు. మన పాలేరులో, మున్నేరులో "ఏరు" ఒదిగి ఉన్నట్టే ఇగువాసు, ఇపనేమా పేర్లలో "ఇ" అనే నీటి మాట ఒదిగి ఉంది. పిరాన్యా చేపలోని "పిరా"కు చేప అనే అర్థం. పేలాలను "పిపోకా" అంటారు, అంటే చిట్లిన తోలు.

ఇన్ని మాటలు మిగిల్చిన టూపీ భాషకు జరిగినది తలచుకుంటే బాధ కలుగుతుంది. 1553లో బ్రెజిల్ వచ్చిన జెస్యూట్ పాదిరి అంషియేతా దానికి రాసిన వ్యాకరణం 1595లో పోర్చుగల్‌లోని కోయింబ్రాలో అచ్చయింది. టూపీ ఆధారంగా ఏర్పడిన "సామాన్య భాష"ను సావోపాలో ప్రాంతంలోనూ, అమెజాన్ తీరాల్లోనూ పోర్చుగీసు సంతతి వారు సైతం ఇళ్లలో మాట్లాడేవారు. 1757లో పోర్చుగల్ మంత్రి పోంబాల్ ప్రభుత్వం అమెజాన్ ప్రాంతంలో దానిని నిషేధించి పోర్చుగీసును తప్పనిసరి చేసింది. మరుసటి ఏడు ఆ శాసనాన్ని బ్రెజిల్ అంతటికీ విస్తరించారు. తీరంలో టూపీ మాట్లాడే గొంతులు క్రమంగా ఆగిపోయాయి. అయితే ఆ సామాన్య భాషకు వారసురాలైన ఞేఎంగతూ రియో నెగ్రో నది ఒడ్డున ఇంకా బతికి ఉంది. ఆ పేరుకు "మంచి మాట" అని అర్థం. అక్కడి సావో గాబ్రియేల్ ద కషోయెయిరా పురపాలిక 2002లో తుకానో, బనీవా భాషలతో పాటు దీనికీ అధికార హోదా ఇచ్చింది. 2023లో బ్రెజిల్ రాజ్యాంగం ఈ భాషలోకి అనువాదమై వెలువడింది.

మసాలా డబ్బాలోని అనాసపువ్వు ఈ మొక్క పువ్వేనా అని అడిగిన సోదరికి ఒక మాట. కాదండీ. అది దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతాల చెట్టుకు కాసే కాయ. ఈ పండుతో దానికి వృక్షశాస్త్రపు చుట్టరికం ఏదీ లేదు.

కనుక నిఘంటువులో "అనాస" అనే మాటకు ఎదురుగా "పోర్చుగీసు" అని ఊరుకోకుండా, "టూపీ, పోర్చుగీసు ద్వారా" అని రాయాలన్నది నా అభిప్రాయం. మన్యంలో ఈ పంటను పండించే సవరల భాష తెలిసినవారు ఈ గుంపులో ఉంటే, వారు తమ ఇళ్లలో దీనిని ఏమని పిలుస్తారో దయచేసి ఇక్కడ రాయగలరు.