పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రామింగ్ భాష): రెండు అరేలు (కీ, వాల్యూ జతల జాబితాలు) కలపడానికి అరే మెర్జ్ (array_merge) ఫంక్షనా, ప్లస్ (+) గుర్తా?

కొత్తచేయి: పిన్‌కోడ్ కీ, డెలివరీ చార్జి వాల్యూ. పాత అరేలో '500001'కి 40, '520001'కి 60. కొత్తదాంట్లో '520001'కి 55, '530001'కి 70. అరే మెర్జ్ చేస్తే కీలన్నీ 0, 1, 2, 3 అయిపోయాయి. ఎందుకు?

సెమికోలన్: కీ చుట్టూ కోట్స్ మర్చిపోయి ఉంటారు. స్ట్రింగ్ (అక్షరాల వరుస) కీ అయితే అరే మెర్జ్ ముట్టుకోదు.

గుణింతం: కోట్స్ పెట్టినా అంతేనండి. '500001' అచ్చంగా అంకెలా ఉంది కాబట్టి పీహెచ్‌పీ దాన్ని ఇంటీజర్‌గా (పూర్ణసంఖ్యగా) మార్చే దాచుకుంటుంది. ఇంటీజర్ కీలకి అరే మెర్జ్ సున్నా నుంచి కొత్త నంబర్లు వేస్తుంది.

సెమికోలన్: మా ఎస్టీడీ కోడ్ల టేబుల్ ఏళ్లుగా అరే మెర్జ్ మీదే నడుస్తోంది. '040', '0866' ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి అంకెలు కావా?

గుణింతం: ముందు సున్నా ఉంది కదా! '040' స్ట్రింగ్‌గానే మిగులుతుంది, '40' మిగలదు. మన పిన్‌కోడ్ ఏదీ సున్నాతో మొదలవదు, అందుకే అన్నీ ఇంటీజర్లయ్యాయి. ఒక్కసారి వార్ డంప్ (var_dump, విలువతో పాటు దాని రకం కూడా చూపే ఫంక్షన్) చేసి చూడండి.

రాత్రిషిఫ్ట్: ప్లస్ పెట్టేస్తే పోలా?

గుణింతం: కీలు నిలుస్తాయి గానీ ఎడమ పక్కది గెలుస్తుంది. పాత ప్లస్ కొత్త అంటే '520001'కి 60 ఉండిపోతుంది. అరే రిప్లేస్ (array_replace) వాడండి, అందులో కుడి పక్కది గెలుస్తుంది, 55 వస్తుంది.

సెమికోలన్: 60 ఉండాల్సిందే! ఖరారైన రేటుని వెనకొచ్చిన ఫైలు చడీచప్పుడు లేకుండా తుడిచేస్తే బిల్లు తేడా వస్తే ఎవరు చూస్తారు? మీరు ఫంక్షన్ పేర్లు పట్టుకుని వేలాడుతున్నారు.

గుణింతం: ఇందాకటి నుంచి కోట్స్ అన్నది మీరే కదండీ! ఇప్పుడన్నది మాత్రం అసలు ప్రశ్న. ఖాళీలు నింపడానికైతే ప్లస్సే సరైనది. కొత్త రేటు అమలు చేయడానికైతే అరే రిప్లేస్. కొత్తచేయి గారూ, మీకేది కావాలి?

కొత్తచేయి: కొత్త రేటే అమలవ్వాలి.

సెమికోలన్: అయితే రిప్లేస్ చేసే ముందు అరే ఇంటర్సెక్ట్ కీతో రెండిట్లోనూ ఉన్న పిన్‌కోడ్లు తీసి, పాత రేటు, కొత్త రేటు లాగ్‌లో రాయండి. అది లేకుండా నేనైతే ఒప్పుకోను.

గుణింతం: దానికి నేనూ సరే. ఇంకోటి: ఫోరీచ్‌లో (అరేలోని జతల్ని ఒక్కొక్కటిగా తీసే లూప్) కీ ఇంటీజర్‌గా వస్తుంది. మూడు ఈక్వల్స్‌తో (===, రకం కూడా ఒకటే అవ్వాలి) '500001'కి పోలిస్తే ఎప్పుడూ ఫాల్సే. ముందు స్ట్రింగ్‌కి మార్చుకోండి.