మగ్గం ఇంట్లో ముఖాముఖి: చిత్రీకరణ, ఎడిటింగ్‌లపై సలహా కావాలి

ప్రశ్న (జర్నలిజం విద్యార్థిని)

నమస్కారం. నేను జర్నలిజంలో పీజీ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఆరు నిమిషాల వీడియో ముఖాముఖి సమర్పించవలసి ఉంది. భూదాన్ పోచంపల్లిలో ఇక్కత్ నేసే ఒక వృద్ధ దంపతులు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఆయన ఇప్పటికీ గుంట మగ్గం మీద నేస్తారు, ఆమె చిన్ననాటి నుంచి ఆసు పోసినవారు (రంగు అద్దే ముందు నూలును చేయి ఆడిస్తూ మేకుల చుట్టూ తిప్పే పని). నా దగ్గర రెండు ఫోన్లు, ట్రైపాడ్, వైరుతో ఉండే చిన్న కాలర్ మైకు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉన్నాయి.

నమూనాగా కొంత తీసి చూసినప్పుడు మూడు ఇబ్బందులు కనిపించాయి. ఆయన నేస్తూ మాట్లాడితే మగ్గం చప్పుడులో మాట మునిగిపోతోంది. ట్యూబులైటు కింద దృశ్యం మీద నల్లటి చారలు పాకుతున్నాయి. ఇక ఎడిటింగ్‌లో వారి జవాబులను ఎక్కడ కత్తిరించినా వాక్యం తెగిపోయినట్టే వినిపిస్తోంది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు (సౌండ్ రికార్డిస్టు)

మాటనూ మగ్గాన్నీ ఒకేసారి రికార్డు చేయాలన్న ఆలోచన మానుకోండి. ముందు మగ్గం, ఫ్యాను ఆపించి, ప్రశాంతంగా మాట్లాడించండి. ఆ తరువాత ఆయన నేస్తూ ఉండగా మాటలు లేకుండా మగ్గం చప్పుడును విడిగా, మైకును కాస్త దూరంగా ఉంచి రికార్డు చేసుకోండి. రెండూ వేర్వేరు ట్రాకులుగా ఉంటే మాట వచ్చినప్పుడు చప్పుడును తగ్గించడం, మాట ఆగినప్పుడు పెంచడం మీ చేతిలో ఉంటుంది. కలిసిపోయిన శబ్దాన్ని విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నా, వాటిలోంచి వచ్చిన గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టుగా ఉంటుందని నా అభిప్రాయం.

కాలర్ మైకును రెండవ ఫోనుకు తగిలించి, ఆ ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆయన జేబులో ఉంచండి. గడ్డానికి సుమారు జానెడు కింద మైకు ఉంటే చాలు. ఆమెకు పెట్టేటప్పుడు పమిట చెంగు, మెడలోని గొలుసు మైకును రాసుకోకుండా చూడండి. గాజుల చప్పుడు వస్తుంది, దానికి చేయగలిగింది లేదు, చేయనక్కరా లేదు. రికార్డింగు మొదలయ్యాక కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో దృశ్యాన్నీ శబ్దాన్నీ ఆ చప్పట్ల దగ్గర జత చేయవచ్చు. గొంతు బిగ్గరగా ఉన్నప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉండాలి, ఎందుకంటే సున్నాను తాకి చితికిన శబ్దాన్ని ఎవరూ బాగుచేయలేరు. లేచే ముందు అందరినీ అర నిమిషం మౌనంగా కూర్చోమని ఆ గది నిశ్శబ్దాన్ని కూడా పట్టుకోండి. కోతల మధ్య ఖాళీలను నింపడానికి అదే పనికివస్తుంది.

జవాబు (కెమెరా విభాగంలో పనిచేస్తున్నాను)

చారల సంగతి చెబుతాను. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టరు వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను దగ్గర స్థిరపరిస్తే చారలు పోతాయి. ఫోనులోని మామూలు కెమెరా యాప్ దీనికి వీలివ్వకపోతే, ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో చేయవచ్చు. అంతకంటే మంచి ఉపాయం లైటు ఆర్పేసి, కిటికీ వెలుగు ముఖానికి ఒక పక్క నుంచి పడేలా కూర్చోబెట్టడం. కిటికీ మాత్రం వారి వెనుక ఉండకూడదు.

గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి గనుక ఆయన కళ్లు దాదాపు నేలమీద కూర్చున్నవారి ఎత్తులోనే ఉంటాయి. నిలబడి తీస్తే ఆయనను పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది, అది చూడటానికే మర్యాదగా ఉండదు. ట్రైపాడ్‌ను పూర్తిగా దించి, మీరు లెన్సు పక్కనే నేలమీద కూర్చుని అడగండి.

జవాబు (ఎడిటర్)

మీ మూడవ ఇబ్బందికి మూలం కొంత భాషలోనూ, ఎక్కువగా ప్రశ్నలోనూ ఉంది. మన పెద్దవాళ్లు పని గురించి చెప్పేటప్పుడు “నూలు తెచ్చి, ఆసు పోసి, చిటికి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి” అంటూ సాగిపోతారు (చిటికి అంటే రంగు అంటకూడని చోట నూలుకు బిగించే కట్టు). అసలు క్రియ ఎక్కడో చివర వస్తుంది, మధ్యలో ఎక్కడ కోసినా గొంతు పైకి లేచి ఆగిపోయినట్టు ఉంటుంది. అందుచేత గొంతు దిగిన చోటనే కోయండి. అలాంటి చోట్లు ఎక్కువగా రావాలంటే, జవాబు ముగిసిందనుకున్న తరువాత కూడా మీరు వెంటనే మరో ప్రశ్న వేయకుండా కొంచెం ఆగాలి. ఆ విరామంలో వారు చెప్పినదాన్ని తామే ఒక చిన్న వాక్యంలో ముగిస్తారు, చాలాసార్లు మనకు కావలసింది ఆ వాక్యమే.

“ఎన్నేళ్లప్పుడు నేర్చుకున్నారు?” అని అడిగితే “పన్నెండేళ్లప్పుడు” అని ఊరుకుంటారు. మీ ప్రశ్న తీసేశాక ఆ మాటకు అర్థం ఉండదు. “మొదటిసారి మగ్గం మీద కూర్చున్న రోజు సంగతి చెప్పండి” అని అడిగితే జవాబు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఆమెను ఆసు గురించి అడిగేటప్పుడు చేయి ఆడించి చూపమనండి. ఆ పనికి యంత్రాన్ని రూపొందించి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు తల్లి పడే నొప్పిని చూసే ఆ ప్రయత్నానికి పూనుకున్నారు. ఆ చేతి కదలిక కనబడకపోతే చూసేవారికి నొప్పి మాట మాటగానే మిగిలిపోతుంది.

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు మొత్తం మాటలను సమయాలతో సహా కాగితం మీద రాసుకుని, ఉంచదలచిన వాక్యాలకు గీత గీసి, వరుసను కాగితం మీదే కుదర్చండి. తరువాత దృశ్యం చూడకుండా ఆ ఆరు నిమిషాలను చెవితో మాత్రమే వినండి. విని విసుగు పుట్టిన చోటును మంచి దృశ్యం కాపాడదు. అది కుదిరాకే కోతల మీద చేతులు, నాడె (అడ్డనూలును మోసుకెళ్లేది), పడుగు (నిలువు నూలు) వంటి దగ్గరి దృశ్యాలను పరచండి. అయితే కోతను కప్పే వీలుంది కదా అని ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును మరో ప్రశ్న కింద అతికించడం తప్పు. అది వారు అనని మాటను వారి నోట పెట్టడమే.

ఇంకొక సాంకేతిక విషయం: చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను) నిలకడగా ఉంచవు, దానివల్ల నిడివి పెరిగేకొద్దీ పెదవులకూ మాటకూ పొంతన తప్పవచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లో వేయండి. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ మంచిదే కానీ 8 జీబీ ర్యామ్‌కు బరువు. షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ ప్రాక్సీలతో (వీడియోల తేలికపాటి నకళ్లతో) వాడితే మీ పని సాగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మగ్గం మీద ఉన్న చీర ఆయన కొత్తగా వేసుకున్న డిజైను. దాన్ని దగ్గరగా తీయవచ్చా?

జవాబు (ఎడిటర్)

ఆయన్నే అడగండి, అదీ కెమెరా నడుస్తుండగా అడగండి. ఈ వీడియో కళాశాలలోనే చూపుతారా, యూట్యూబులో కూడా పెడతారా అన్నది ముందుగా స్పష్టంగా చెప్పండి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నా అది ఒక నేతకారుడి డిజైనుకు కాపలా కాయదు, బజారులోకి వెళ్లకముందే నకలు వస్తే నష్టం ఆయనదే. వద్దంటే పూర్తయిన పాత చీరను గానీ, ఇంకా రంగు పడని చిటికి కట్టును గానీ దగ్గరగా తీసుకోండి.