పట్టేసిన బోల్టుకు గ్యాస్ మంటా, నూనె నానబెట్టడమా?

తిరుచానూరు రోడ్డు వాసి:
2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా కారు వీధిలోనే ఉండిపోయి, తలుపుల అంచు దాకా నీళ్లలో నానింది. ఇంజనుకు ప్రమాదం తప్పింది గాని అడుగు భాగాన్ని తుప్పు అప్పటి నుంచి వదలలేదు. ఇప్పుడు వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాల్సి వచ్చింది. ఎడమవైపు కింది బోల్టుకు నట్టు ఊడి వచ్చింది, బోల్టు మాత్రం బయటికి రావడం లేదు. ఆటోనగర్‌లో ఒకాయన గ్యాస్ మంట పెడితే తప్ప రాదంటున్నారు. ఇంకొకాయన మంట మాటే ఎత్తవద్దని, నూనె కొట్టి రాత్రంతా వదిలేయమని అంటున్నారు. ఇద్దరూ పని తెలిసినవారే. ఎవరి మాట వినమంటారు?

చిత్తూరు లారీ మెకానిక్:
మంటే సరైన దారి సార్. గ్రానైటు లారీల స్ప్రింగ్ పట్టీలను పట్టి ఉంచే యూ బోల్టులు విప్పేటప్పుడు నూనె దిగేదాకా కాచుకొని కూర్చుంటే బండి షెడ్డులోనే ఉండిపోతుంది, యజమానికి కిరాయి పోతుంది. ఇనుము తుప్పుగా మారితే మొదటి కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి మరల మధ్య సందు అనేదే మిగలదు. ఇక నూనె ఎక్కడికి దిగుతుంది? నట్టును చుట్టూ వేడి చేసి, ఆ వేడి లోపలి బోల్టుకు పాకకముందే పానా వేస్తే నట్టు వెడల్పై పట్టు వదులుతుంది.

రేణిగుంట కార్ల షెడ్డు:
అన్నా, మీరు చెప్పినది యూ బోల్టు విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు నట్టు 300 డిగ్రీల మేర వేడెక్కితే ఆ రంధ్రం పెరిగేది దాదాపు 0.04 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందం కూడా కాదు. అయినా తుప్పు పట్టు పగలడానికి అంత చాలు. అయితే లారీ యూ బోల్టు చుట్టూ ఉన్నదంతా ఇనుమే. కారు వెనుక షాక్ అబ్జార్బరు దగ్గర రబ్బరు బుష్ ఉంటుంది, బ్రేకు గొట్టం ఉంటుంది, చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు కూడా అక్కడికి దూరమేమీ కాదు. పైగా ఇప్పటి షాక్ అబ్జార్బర్లలో చాలావాటిలో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి మూసేస్తారు. మూసిన గొట్టం పక్కన గ్యాస్ మంట పెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

మరో సంగతి. తలమీద బలాన్ని తెలిపే 8.8 అనో 10.9 అనో అచ్చు ఉన్న బోల్టులను గట్టిపరచిన తరువాత కనీసం 425 డిగ్రీల దగ్గర టెంపరింగ్ చేస్తారు, అంటే పెళుసుదనం పోయేలా మళ్లీ వేడి చేస్తారు. ఉక్కు ఎర్రగా కనిపించిందంటే 500 డిగ్రీలు దాటినట్టే లెక్క, ఆ వేడికి దాని గట్టిదనం తగ్గిపోతుంది, కాబట్టి అలా కాల్చిన బోల్టు ఊడి వచ్చినా తిరిగి బిగించడానికి పనికిరాదు.

నూనె వైపు వాదించేవారూ కొంత అతి చేస్తున్నారు. ప్రతి షెడ్డులోనూ కనిపించే డబ్ల్యూడీ-40 అనే స్ప్రేను 1953లో అమెరికాలో తయారు చేసింది తేమను తరిమి తుప్పు పట్టకుండా ఆపడానికి. పట్టేసిన బోల్టుల కోసం అదే కంపెనీ వేరే ద్రావకం అమ్ముతోంది. ఏ నూనె అయినా కొట్టి ఊరుకుంటే సరిపోదు. మధ్యమధ్య బోల్టు తలమీద సుత్తితో తట్టాలి, విప్పే ముందు బిగించే వైపు కాస్త తిప్పాలి, తల అరిగిపోకుండా పన్నెండు మూలల రింగు పానా మాని ఆరు మూలల సాకెట్టు వాడాలి.

ఇంతకీ సార్, బోల్టు తలను తిప్పి చూస్తే ఏమవుతోంది?

తిరుచానూరు రోడ్డు వాసి:
పొడవాటి రాడ్డు వేసి తిప్పితే కొంతదూరం తిరుగుతోందండి. చేయి వదలగానే మళ్లీ మొదటి చోటికే వచ్చేస్తోంది.

రేణిగుంట కార్ల షెడ్డు:
అలాగైతే మంటా వద్దు, నూనే చాలదు. మరల్లో ఇబ్బంది లేదు, ఉంటే నట్టే ఊడేది కాదు. రబ్బరు బుష్ మధ్యలో ఒక ఉక్కు గొట్టం ఉంటుంది, బోల్టు దానిలోంచి దూరి అవతలికి వస్తుంది. వరద నీరు ఆ గొట్టంలో నిలిచి బోల్టును, గొట్టాన్ని ఒకటి చేసేసింది. మీరు తిప్పినప్పుడు బోల్టుతో పాటు గొట్టమూ తిరిగి రబ్బరు మెలిపడుతోంది, వదలగానే ఆ రబ్బరే వెనక్కి లాగుతోంది. నూనె గొట్టం పొడవునా రెండు చివరల నుంచి పాకాలి, ఒక రాత్రిలో అది నడిమికి చేరడం కష్టం. మంట పెడితే ముందు కాలేది రబ్బరు.

షాక్ అబ్జార్బరు ఎలాగూ పారేసేదే గనుక దాని బుష్‌ను కాపాడుకోవలసిన పని లేదు. షాక్ అబ్జార్బరును పట్టి ఉంచే బ్రాకెట్ చెవికీ బుష్ గొట్టానికీ మధ్య రెండు వైపులా బోల్టును కోయించేయండి. నట్టు లేదు కాబట్టి చెవులను కొద్దిగా ఎడం చేస్తే హ్యాక్సా బ్లేడు దూరుతుంది. కోసే ముందు యాక్సిల్ కింద జాకీ ఆనించాలి. చాలా బండ్లలో యాక్సిల్ మరీ కిందికి జారకుండా ఆపేది షాక్ అబ్జార్బరే. గ్రైండరు వాడితే నిప్పురవ్వలు ట్యాంకు వైపు పోకుండా తడి గోనెసంచి అడ్డు పెట్టించండి.

చిత్తూరు లారీ మెకానిక్:
షాక్ అబ్జార్బరులో గ్యాస్ ఉంటుందన్న మాటకు ఎదురు చెప్పను. కాని కోత అన్నిచోట్లా కుదరదు తమ్ముడూ. కొన్ని కార్లలో నట్టును బ్రాకెట్‌కే వెల్డింగు చేసి ఉంచుతారు. అక్కడ కోస్తే మిగిలిన ముక్క నట్టులోనే ఉండిపోతుంది, దాన్ని తీయడానికి మళ్లీ మా మంటే దిక్కు.

రేణిగుంట కార్ల షెడ్డు:
ఒప్పుకుంటాను అన్నా. అప్పటికి షాక్ అబ్జార్బరును పక్కకు తీసేసి ఉంటాం గనుక మంటకు అభ్యంతరం లేదు, ట్యాంకు జాగ్రత్త ఒక్కటే.

చంద్రగిరి ట్యాక్సీ యజమాని:
మా బండ్లు రోజూ తిరుమల ఘాట్ ఎక్కి దిగుతాయి కాబట్టి సస్పెన్షన్‌లో తీసిన పాత బోల్టును మళ్లీ వేయనివ్వను. అదే పొడవు, తలమీద అదే అంకె ఉన్న కొత్తది తెచ్చుకోండి. బ్రాకెట్ దెబ్బతింటే ఖర్చు ఎవరిదో కోత మొదలు కాకముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది. కొత్త బోల్టుకు గ్రీజు పూయాలని కొందరు, వద్దని కొందరు అంటారు. ఇక్కడివారి అభిప్రాయం ఏమిటి?

చిత్తూరు లారీ మెకానిక్:
మరలతో సహా అంతా పూస్తాం. ఈసారి విప్పేవాడు తిట్టుకోకూడదు కదా.

రేణిగుంట కార్ల షెడ్డు:
బుష్ గొట్టంలో ఉండే నున్నని భాగానికి పూయండి, మరలకు మాత్రం కంపెనీ పుస్తకం చెప్పితేనే. జిడ్డు మరల మీద రాపిడి తగ్గి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానా చూపించే అంకె అదే అయినా బోల్టు అంతకంటే ఎక్కువగా సాగుతుంది. ఆఖరి బిగింపు బండి జాకీ మీద వేలాడుతుండగా చేయనివ్వకండి. చక్రాల మీద బరువు పడ్డాక బిగించకపోతే కొత్త బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

తిరుచానూరు రోడ్డు వాసి:
ఎడమవైపుది రేపు కోయిస్తాను. కుడివైపు నట్టును ఇంకా ముట్టుకోలేదు, దానికి ఈ సాయంత్రం నుంచే నూనె కొట్టడం మొదలుపెడతాను.