అప్‌డేట్: జనరేటర్ ఇంజన్ విప్పాం, కారణం తెలిసింది

ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) నడిపే డీజిల్ జనరేటర్ టకటకమంటోందని, ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉన్నా ఎందుకిలా అని పోయిన నెల అడిగాను కదా. నెల్లూరు నుంచి మెకానిక్ అన్న వచ్చి ఇంజన్ విప్పాడు. క్యామ్ లోబులు, అంటే వాల్వులను తెరిచే షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగాలు, బాగా అరిగిపోయాయి. బేరింగులు మాత్రం బాగున్నాయి.

మీలో ఒకరు చెప్పిందే నిజం. ఆయిల్ ఉంది, అందులోని మందు అయిపోయింది. జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే అడిటివ్ వేడికి, రాపిడికి విడిపోయి ఇనుము మీద గాజులాంటి పలుచని పొర కడుతుందట. లోహానికి బదులు ఆ పొరే అరుగుతూ, మళ్లీ ఏర్పడుతూ ఉంటుంది. అడిటివ్ తరిగిపోతే పొర సరిగ్గా కట్టదు. పైగా డీజిల్ మసి ఉన్న పొరను గీకేస్తుంది. బేరింగుల్లో ఆయిలే మందంగా నిలబడి కాపాడుతుంది. క్యామ్ దగ్గర ఒత్తిడి ఎక్కువ, అక్కడ ఈ పొరే దిక్కు.

తప్పు నాదే. మాన్యువల్లో 250 గంటలకోసారి ఆయిల్ మార్చాలని ఉంటే 600 దాటించాను. తగ్గినప్పుడల్లా కాస్త పోస్తే చాలనుకున్నాను. రాత్రిపూట ఏరేటర్ ఆగితే రొయ్య బతకదు, ఆ టెన్షన్‌తోనే ఇంజన్ ఆపలేదు.

క్యామ్, దానికి ఆనుకుని కదిలే ఫాలోవర్లు మార్చాం. నిన్న నాలుగు గంటలు నడిపాం, శబ్దం లేదు. గంటల లెక్క షెడ్డు గోడ మీద రాస్తున్నాను.