ఒకే తరహా పాత్రలు చేసేవాళ్లని గొప్ప నటులనొచ్చా?

మూడోవరుస:
నాకైతే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఒకాయన ఏళ్ల తరబడి కోపిష్ఠి తండ్రి. ఇంకొకాయన ఎప్పుడూ హీరో పక్కన తన్నులు తినే ఫ్రెండు. సినిమా మారితే చొక్కా మారుతుంది, అంతే. దీన్ని నటన అనాలా, అలవాటు అనాలా?

ఇంటర్వెల్‌బ్యాంగ్:
సూర్యకాంతం గారిని కూడా ఈ లెక్కలోనే కట్టేస్తారా? ఆవిడంటే గయ్యాళి అత్తే. అయినా 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి ‘గుండమ్మ కథ’ అని ఆవిడ పాత్ర పేరే పెట్టారు.

మూడోవరుస:
పేరు పెట్టడం తీసేవాళ్ల ఇష్టం. నటనకి అది సాక్ష్యమా?

పాతరీలు:
సాక్ష్యం సినిమాలోనే ఉంది. సవతి కూతురి మీద ఎడమచెయ్యి తిప్పుతూ విరుచుకుపడే గుండమ్మ, పనివాడిగా చేరిన అంజి నాలుగు మంచిమాటలు చెప్పగానే ఎంత తేలిగ్గా బుట్టలో పడుతుందో మళ్లీ చూడండి. చివర్లో ఛాయాదేవి నోటికి చిక్కి అదే గుండమ్మ బిక్కచచ్చిపోతే మనకే జాలేస్తుంది. గయ్యాళే, కానీ లోపల భయమున్న మనిషి. ఆ భయం కనిపించేలా చేసింది సూర్యకాంతమే కదా!

ఎస్వీఆర్ సంగతి చూడండి. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు, ‘నర్తనశాల’ (1963)లో కీచకుడు, ‘భక్త ప్రహ్లాద’ (1967)లో హిరణ్యకశిపుడు. పైపైన చూస్తే మూడూ మీసం, కిరీటం, ఉరిమే గొంతు. కానీ ఘటోత్కచుడిది చిన్నపిల్లాడి హుషారు. కీచకుడికి నడకలోనే మత్తు. హిరణ్యకశిపుడిలో కొడుకు మీద ప్రేమా, అహంకారమూ కొట్టుకుంటుంటాయి. మూస ఒకటే కావచ్చు, పోసిన ప్రాణం వేరు.

ఇంటర్వెల్‌బ్యాంగ్:
👏 కైకాల యముడు కూడా! ‘యమగోల’ 1977, ‘యమలీల’ 1994. ఆ కిరీటం ఇంకొకరికి పెడితే ఇప్పటికీ నా కంటికి ఆనదు.

కాల్షీటు:
మీరంతా నటుణ్ణే బోనులో నిలబెడుతున్నారు. పాత్ర రాసేటప్పుడే ‘ఇక్కడ ఫలానా ఆయన వస్తాడు’ అనుకుంటే ఇక ఆ పాత్రకి ఊరూ పేరూ ఎవరు ఆలోచిస్తారు? వేరే వేషం కావాలని పట్టుబడితే ఫోన్లు ఆగిపోతాయేమోనని ఆర్టిస్టుకి భయం. పోనీ ఎవరైనా ముద్ర చెరుపుకున్నారనుకోండి, వెంటనే ఇంకోటి గుద్దుతారు. ఫ్యామిలీ హీరోగా పేరున్న జగపతిబాబు 2014లో ‘లెజెండ్’లో విలన్‌గా అదరగొట్టారు. ఆ తర్వాత వరసపెట్టి విలన్ వేషాలే. అల్లరి నరేష్ 2008లోనే ‘గమ్యం’లో గాలి శీనుగా ఏడిపించాడు. అయినా ‘నాంది’ (2021) దాకా ఎక్కువగా నవ్వించే పనే ఇచ్చారు. మనమూ తక్కువేం కాదు, కమెడియన్ తెరమీద ఏడుస్తుంటే నవ్వడానికి రెడీగా కూర్చుంటాం.

మూడోవరుస:
ఎస్వీఆర్ గురించి వాదన లేదు. ఆయనకి అలాంటి పాత్రలు రాసిచ్చారు కూడా. నేనడిగేది, కాగితం మీద తేడా లేనప్పుడు తను తేడా చూపించలేనివాడి గురించి. వాణ్ణి కూడా గొప్ప నటుడనాలా?

కాల్షీటు:
రెండు సీన్లు, ఒక చెంపదెబ్బ ఇచ్చి అందులో తేడా చూపించమంటే ఎక్కడ చూపిస్తాడండీ? ఒకవేళ చూపించినా, ఎడిటింగ్‌లో ముందు కోసేది ఆ ముక్కనే.