గోడ అవతల ట్యాంకులో ఏముందో ఊరికి చెప్పాలా, వద్దా?

కాలువగట్టు:
మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో ఐస్ ఫ్యాక్టరీ ఉంది. పోయిన వేసవిలో ఒక రాత్రి అమ్మోనియా కారింది. కళ్లు మండుతున్నాయని తెలిసిందే తప్ప అదేమిటో, ఎటు వెళ్లాలో చెప్పే దిక్కు లేదు. వీధి వీధంతా గాలివాలుకే, అంటే ఆ వాయువుతో పాటే పరుగెత్తాం. మా నాన్నగారు వారం రోజులు దగ్గుతూనే ఉన్నారు. మరునాడు వెళ్లి అడిగితే మేనేజరు, "పేర్లు బయటపెడితే జనం భయపడతారండీ" అన్నారు. నేను ఒప్పుకోను. ఏ రసాయనం ఉందో, అది బయటికొస్తే ఏం చేయాలో గేటు మీద తెలుగులో రాయాలి. చుట్టుపక్కల ప్రతి ఇంటికీ ఒక కాగితం అందాలి. మీరేమంటారు?

బాయిలరు గది:
ఇరవై రెండేళ్లుగా రసాయన కర్మాగారాల్లో పనిచేస్తున్నాను. మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. అయినా మీతో ఏకీభవించలేను. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై పక్కనున్న వెంకటాపురాన్ని కమ్మేసింది, పన్నెండు మంది పోయారు. కాగితం పంచి ఉంటే అది ఆగేదా? ప్రభుత్వ కమిటీ ఏం తేల్చిందో చూడండి. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, పైభాగం కాగుతున్నా ఎవరికీ తెలియలేదు. స్టైరీన్ అణువులు తమంతట తాము గొలుసులా అతుక్కుని వేడెక్కకుండా ఆపే టీబీసీ అనే మందు తగినంత నిల్వ లేదు. లోపమంతా గోడ లోపలే ఉంది. ఖర్చూ శ్రద్ధా అక్కడ పెట్టాలి.

ఇంకొకటి, అరకొర జ్ఞానం ప్రాణం తీస్తుంది. అమ్మోనియా గాలికన్నా తేలికని చదివినవారు అది పైకి పోతుందిలే అనుకుంటారు. ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది ఒక్కసారిగా కారితే చల్లని మేఘమై నేలబారున పాకుతుంది. నీళ్లు మంచివని విని కారిన ద్రవం మీదే బకెట్లతో పోస్తే ఆవిరి ఇంకా ఎక్కువవుతుంది.

కాలువగట్టు:
అయ్యా, మీరు చెప్పిన ఈ రెండు ముక్కలే ఆ రాత్రికి ముందు మా ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే! నేను అడుగుతున్నది ఇదే. అదే కమిటీ ఇంకో మాట కూడా రాసింది: ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరను మోగించే వీలుంది, ఒక్కటీ మోగలేదు. ఒకవేళ మోగినా, నిద్రలోంచి లేచిన మనిషి ఎటు పోవాలి? స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు, నేలను అంటిపెట్టుకునే పాకుతుంది. అది నీటిలో దాదాపు కరగదు కాబట్టి ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ పెద్దగా ఆపదు. అమ్మోనియాకైతే తడిగుడ్డ కొంత కాపాడుతుంది, ఎందుకంటే అది నీటిలో ఇట్టే కరుగుతుంది. పేరు తెలియకుండా సరైన పని చేసేదెలా?

వంటింటి పక్షం:
జనం భయపడతారనే మాట వింటే నాకు కోపం వస్తుంది. వంటగ్యాసుకు తనదంటూ వాసన ఉండదు. కారితే ఇంట్లోవాళ్లు పసిగట్టాలనే మెర్కాప్టాన్ కలుపుతారు. మా అమ్మ బడి ముఖం చూడలేదు. అయినా వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకూడదని, రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవాలని, గ్యాసు బరువు కాబట్టి నేల దగ్గరే ఉంటుందని ఆమెకు తెలుసు. ఆ భయంతో ఆమె వంట మానలేదు. పక్క గోడ అవతలి సంగతి మాత్రం ఆమె తట్టుకోలేదా?

రోడ్డు మీద చూడండి. పెట్రోలు ట్యాంకరు వెనక 1203 అని, క్లోరిన్ బండి మీద 1017 అని, లోపలి సరుకేమిటో తెలిపే నంబరు రాసి ఉంటుంది. కదిలే బండి తనలో ఏముందో ఊరూరా చూపుకుంటూ పోవాలట, కదలని ట్యాంకు మాత్రం దాచుకోవచ్చట!

పాత దస్త్రం:
మీరిద్దరూ వాదిస్తున్న విషయం చట్టంలో ఎప్పుడో ఉంది. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి 41-బి సెక్షను చేర్చారు. ప్రమాదాల వివరాలు, జాగ్రత్తలు కార్మికులతో పాటు చుట్టుపక్కల ప్రజలకూ యాజమాన్యమే తెలపాలని అది ఆదేశించింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 15వది కూడా ఇదే అంటుంది. చిక్కేమిటంటే, ఆ 15వ నిబంధన వర్తించాలంటే నిల్వ నిర్ణీత పరిమాణం దాటాలి. ఐస్ ఫ్యాక్టరీల వంటి చిన్నవి చాలావరకు ఆ హద్దుకు దిగువనే ఉండిపోతాయి.

బాయిలరు గది:
వంటింటి పక్షం గారి గ్యాసు పోలిక నన్ను ఆలోచింపజేసింది. నిల్వ ఎన్ని టన్నులో, ట్యాంకు ఏ మూల ఉందో గేటు మీద రాయడానికి ఇప్పటికీ ఒప్పుకోను, దొంగలకూ దుర్మార్గులకూ దారి చూపినట్టవుతుంది. పేరు, చేయవలసిన పని వరకు రాయవచ్చు. అయితే ఒక షరతు: ఏడాదికి రెండుసార్లు ఊరితో కసరత్తు చేయించాలి. చేసి చూడని కాగితం ఆ రాత్రి ఎవరికీ గుర్తురాదు.

కాలువగట్టు గారూ, అమ్మోనియా కాగితం నేను రాసిస్తాను. గాలికి అడ్డంగా, పక్కకు తప్పుకోవాలి. వీలుకాకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి లోపలే ఉండాలి. ఫ్యాక్టరీ కప్పు మీద గాలి దిక్కు చూపే గుడ్డసంచి కట్టించమని పంచాయతీని అడగండి, మీ వీధి నుంచి కనపడేంత ఎత్తులో. మీ ఇల్లు ఫ్యాక్టరీకి ఏ దిక్కున ఉంది?

కాలువగట్టు:
తూర్పున. వేసవిలో మాకు పడమటి గాలి.